బుడమేరు ముంచిన మా మందుల షాపుకు ప్లాన్ ఎలా రాయాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)
అజిత్‌సింగ్ నగర్‌లో ఒక మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు వచ్చేసరికి షాపు మూసి ఉంది. తొమ్మిదో రోజు షట్టర్ ఎత్తితే ఇన్సులిన్ ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. టేబుల్ కింద సీపీయూ నిండా ఒండ్రు. బ్యాకప్ రోజూ తీసేవాణ్ణి, కానీ ఆ పెన్‌డ్రైవ్ ఉన్నది అదే టేబుల్ సొరుగులో. ఎవరు ఎంత బాకీనో తెలియక రిటైల్ షాపులు తిరిగి, వాళ్ల దగ్గరున్న బిల్లులు చూసి రాసుకున్నాం. దాదాపు అందరూ ఉన్నదున్నట్టు చూపించారు, ఆ మేలు మర్చిపోలేను. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలో రాసిపెట్టమని ఓనర్ గారు అన్నారు. నెట్‌లో దొరికే నమూనాలన్నీ పెద్ద కంపెనీలవి. మేం ఆరుగురమే. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (విశాఖ నుంచి)
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేనొక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఉన్నాను. మా దగ్గర జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. బంకులో స్వైపింగ్ మెషిన్ పనిచేయలేదు, చేతిలో నగదు లేదు. ఫోన్లు మూగబోతే ఎవరు క్షేమమో కూడా తెలియలేదు. అందుకే ఇప్పుడు మా కాగితంలో మొదటి వాక్యం ఇది: ఫోన్లు పనిచేయకపోతే రెండో రోజు పొద్దున పదింటికి అందరూ మేనేజర్ గారి ఇంటి దగ్గర కలవాలి. మీరు మాత్రం ఇన్సులిన్‌తో మొదలుపెట్టండి సార్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అది ఆగదు. బాకీల లెక్క నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు. ఏది ఎంతసేపు ఆగగలదో ఒక్కో పనికీ ఎదురుగా రాస్తే సగం ప్లాన్ అయినట్టే. వరద హెచ్చరిక రాగానే ఆ స్టాక్ ఎవరి ఫ్రిజ్‌కు వెళ్లాలో ఇప్పుడే మాట్లాడుకోండి, ఆ షాపు మాత్రం బుడమేరు దారిలో ఉండకూడదు. గోడ మీద నీటి మరక ఇంకా ఉంటే సున్నం వేసేలోపు కొలవండి. సీపీయూ, యూపీఎస్ దానికంటే ఎత్తులో పెట్టాలి.

జవాబు (హైదరాబాద్ నుంచి)
డేటా మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఊరు దాటి. క్లౌడ్‌లో పెట్టినా సరిపోతుంది. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ అయితే దాని సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ కాగితం మీద రాసి ఓనర్ గారింట్లో ఉంచండి, కొత్త మెషిన్‌లో లైసెన్స్‌కు అవి కావాలి. అన్నిటికంటే ముందు, ఇప్పుడున్న బ్యాకప్‌ను వేరే లాప్‌టాప్‌లో ఒకసారి తెరిచి చూడండి.

మళ్లీ విజయవాడ నుంచి
రాత్రి మా ఇంట్లో లాప్‌టాప్‌లో తెరిచాను. పాత కంపెనీ (టాలీలో ఒక్కో లెక్కల ఖాతాను అలా అంటారు) డేటా వచ్చింది. ఏప్రిల్‌లో కొత్తగా మొదలుపెట్టిన కంపెనీ మాత్రం బ్యాకప్‌లో లేనే లేదు, దాన్ని టిక్ చేయడమే మర్చిపోయాను. ఈ పూట అది సరిచేసి, గుడివాడ డీలర్‌కు ఫ్రిజ్ గురించి ఫోన్ చేస్తున్నాను. మరక నేల నుంచి అయిదడుగుల రెండంగుళాలు ఉంది.