చర్చ: ఫోర్కు దెబ్బకు ప్లాస్టిక్ ప్యాలెట్లు నిలవాలంటే ఏం చేయాలి?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు):
మాది ముత్తుకూరు దారిలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. కోల్డ్ స్టోరేజీ మైనస్ 20 డిగ్రీలు. తడి, బూజు, మేకుల గొడవ ఉండకూడదని నిరుడు చెక్క ప్యాలెట్లు (సరుకు పేర్చే పీటలు, ఫోర్క్‌లిఫ్ట్ బండి తన ఇనుప ఫోర్కులు కింద దూర్చి ఎత్తేవి) మొత్తం తీసేసి ప్లాస్టిక్‌కు మారాం. 1200 × 1000 మిల్లీమీటర్ల కొలత, కింద తొమ్మిది కాళ్ళు, నీలం రంగు. ఏడాది తిరగకముందే విరిగినవి వెనక దొడ్డిలో గుట్టగా పడి ఉన్నాయి. అమ్మినవారిని అడిగితే మీ ఆపరేటర్లు మొరటుగా నడుపుతున్నారంటారు. ఆపరేటర్లను అడిగితే ముట్టుకుంటేనే పగులుతున్నాయంటారు. ఇద్దరి మధ్యా నేను నలుగుతున్నాను. ఇప్పుడు సొంత డిజైనుతో మోల్డు (పోత అచ్చు) చేయించాలని మా యజమాని ఆలోచన. ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

మోల్డు_మేస్త్రి:
ముందు దొడ్డిలోకి వెళ్ళి ఆ గుట్టను చూడండి. ఎక్కడ విరిగింది? మూల కాలా, మధ్య కాలా, పై పలక అంచా, కింది పట్టీయా? పగులు ఎక్కడ మొదలైందో తెలియకుండా కొత్త మోల్డుకు డబ్బు పెట్టడం అంటే రోగం తెలియకుండా మందు మింగినట్టే.

పెన్నా_ఒడ్డు:
చూశాను. ఎక్కువ భాగం మధ్య కాళ్ళు, వెనక వైపు కాళ్ళు. తర్వాత ఫోర్కు దూరే చోట పై పలక అంచు. మూల కాళ్ళు అనుకున్నంతగా విరగలేదు. విరిగిన చోట గాజు పగిలినట్టు నున్నగా ఉంది, సాగిన గుర్తు లేదు.

పసుపు_బండి:
నేను ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను, కృష్ణపట్నం దగ్గర గోడౌన్లలో. వెనక కాళ్ళు విరుగుతున్నాయంటే మీ ఫోర్కుల పొడవు కొలవండి సార్. మీ ప్యాలెట్టును 1200 వైపు నుంచి ఎత్తితే లోతు 1000 మిల్లీమీటర్లే. బండికి ఉన్న ఫోర్కులు 1070 లేదా 1150, కొన్నింటికి 1220 కూడా ఉంటాయి. అంటే ఫోర్కు పూర్తిగా దూరేసరికి దాని మొన అవతలికి పొడుచుకు వస్తుంది. వెనక వరుసలో ఉన్న ప్యాలెట్టు కాలికి తగులుతుంది. ఆ దెబ్బ ఆపరేటరుకు కనిపించదు, వినిపించదు. ముందున్న సరుకు అడ్డం. విరిగింది వెనకది, తిట్లు తినేది మేము.

పెన్నా_ఒడ్డు:
ఇప్పుడే కొలిపించాను. 1220.

పసుపు_బండి:
మరి ఇంకేం. ఫోర్కు మీద 1000 దగ్గర పచ్చ రంగు గీత గీయించండి. అంతవరకే దూర్చి, కొద్దిగా ఎత్తి, వెనక్కి లాగి, దించి, మళ్ళీ పూర్తిగా దూర్చాలి. లేదా పొట్టి ఫోర్కులు వేయించండి. ఇంకో మాట. చీకటి కోల్డ్ రూములో నీలం ప్యాలెట్టు, నల్ల ప్యాలెట్టు రెండూ ఒకటే. ఫోర్కు దూరే నోరు చుట్టూ తెలుపో పసుపో ఉంటే మొదటిసారికే సూటిగా దూరుస్తాం. డిజైను చేసేవారు ఎప్పుడైనా బండి సీట్లో కూర్చుని చూశారా అని నాకు అనుమానం.

మోల్డు_మేస్త్రి:
పసుపు బండి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. అయితే పగులు గాజులా ఉందంటే తప్పు మెటీరియల్‌లో కూడా ఉంది. అది పాలీప్రొపిలీన్ (పీపీ) అయి ఉంటుంది. పీపీ బయట గట్టిగానే ఉంటుంది, హెచ్‌డీపీఈ (హై డెన్సిటీ పాలిథిలీన్) కంటే బిగువు ఎక్కువ. కానీ మామూలు పీపీ సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే సాగే గుణం పోగొట్టుకుని పెళుసెక్కుతుంది. మీ గది మైనస్ 20. హెచ్‌డీపీఈకి ఆ మార్పు వచ్చేది మైనస్ 100 డిగ్రీలకు దిగువన. అందుకే ఫ్రీజరు సరుకుకు హెచ్‌డీపీఈ వాడతారు. పీపీలోనూ ఇంపాక్ట్ కోపాలిమర్ అని దెబ్బకు ఓర్చే రకం ఉంది, చలికి అది కొంత నయం. మీ ప్యాలెట్టు కింద త్రికోణం గుర్తులో ఏ అంకె ఉంది? 2 అయితే హెచ్‌డీపీఈ, 5 అయితే పీపీ.

పెన్నా_ఒడ్డు:
5 ఉంది. కొటేషనులో మాత్రం ‘వర్జిన్ ప్లాస్టిక్’ (తుక్కు కలపని కొత్త ప్లాస్టిక్) అని రాశారు, ఏ ప్లాస్టిక్ అన్నది లేదు.

తుక్కు_లెక్క (ఒంగోలు):
ఆ మాటకు అర్థమే లేదండీ. నేను పాత ప్లాస్టిక్ కొని గుళికలు చేసే పనిలో ఉన్నాను. ప్యాలెట్టు బరువు పెంచి చూపడానికి సుద్ద పొడి కలిపేవారు ఉన్నారు. చేత్తో ఎత్తితే బరువుగా ఉంటుంది, కొనేవారు గట్టి సరుకని మురిసిపోతారు. దెబ్బ తగిలితే అదే ముందు పగులుతుంది. విరిగిన ముక్కను బకెట్టు నీటిలో వేయండి. పీపీ, హెచ్‌డీపీఈ రెండూ నీటి కంటే తేలిక, తేలాలి. మునిగితే సుద్ద దండిగా ఉన్నట్టు. తేలినంత మాత్రాన మేలైన సరుకని మాత్రం అనుకోకండి. ముక్క లోపల నురుగులా గాలి గదులు ఉంటే సుద్ద ఉన్నా తేలుతుంది. రెండో మోసం, పీపీ తుక్కు, హెచ్‌డీపీఈ తుక్కు కలిపి కరిగించడం. ఆ రెండూ నిజంగా కలవవు. విరిచి చూస్తే పొరలు పొరలుగా ఊడుతుంది.

ఫీడ్_గోడౌన్ (కావలి):
మాది రొయ్యల మేత. చలి లేదు, ఎండే మా బాధ. రేకుల షెడ్డు, రోహిణి కార్తెలో లోపల నిలబడలేం. 25 కిలోల బస్తాలు 40 పేరిస్తే ప్యాలెట్టుకు టన్ను. నేల మీద ఉన్నంతసేపు బాగానే ఉన్నాయి. ర్యాకు ఎక్కించాక నెలలోపే మధ్యలో కుంగిపోయాయి. కుంగిన ప్యాలెట్టులోకి ఫోర్కు దూర్చాలంటే నోరు ఇరుకై పై పలకకు కింది నుంచి తగులుతోంది. పెన్నా ఒడ్డు గారికి హెచ్‌డీపీఈ మంచిదంటున్నారు, మరి మాకు?

మోల్డు_మేస్త్రి:
మీది వేరే జబ్బు. ప్లాస్టిక్ మీద బరువు అలాగే ఉంచితే రోజులు గడిచేకొద్దీ సాగుతుంది. వేడి పెరిగితే ఇంకా త్వరగా సాగుతుంది. హెచ్‌డీపీఈ మెత్తన కాబట్టి పీపీ కంటే ఎక్కువ కుంగుతుంది. ర్యాకుకైతే పలక కింద ఇనుప గొట్టాలు పెట్టించిన ప్యాలెట్టు తీసుకోండి. కేటలాగులో మూడు బరువులు ఉంటాయి: నేల మీద కదలకుండా, ఫోర్కు మీద కదులుతూ, ర్యాకులో రెండు అంచుల మీద. అమ్మేవారు పెద్ద అక్షరాల్లో వేసేది మొదటిది. మీకు కావలసింది మూడోది, అన్నింటికంటే చిన్న అంకె అదే. ఆ అంకె ఎంత వేడి దగ్గర, ఎన్నాళ్ళకు అన్నది కూడా రాయించుకోండి.

ఇక పెన్నా ఒడ్డు గారి మోల్డు సంగతి. దెబ్బ ఎంతటిదో ముందు లెక్క చూద్దాం. 3 టన్నులు ఎత్తే బండి ఖాళీగానే నాలుగు టన్నులు దాటి ఉంటుంది. సరుకుతో కలిపి 5 టన్నులు అనుకోండి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడక వేగంతో వచ్చినా దానిలో సుమారు 4,800 జౌళ్ళ శక్తి ఉంటుంది. 50 కిలోల బియ్యం బస్తాను 10 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే వచ్చే శక్తి అది. వేగం 10 అయితే నాలుగు రెట్లు, 19,000 దాటుతుంది. దాన్ని ఎదురుగా నిలబడి ఆపే ప్లాస్టిక్ కాలు లేదు. కాబట్టి డిజైనులో చూడవలసింది ఆపడం కాదు, తప్పించడం, వంగడం, జారడం.

కాళ్ళ అంచులు చదరంగా ఉండకూడదు, గుండ్రంగా ఉండాలి. మొన తగిలితే పక్కకు జారిపోవాలి. ఫోర్కు నోటి పై అంచు, పక్క అంచు లోపలికి వాలుగా ఉండాలి. కాలు లోపల బోలుగా, గోడ వెనక అడ్డ పట్టీలతో ఉంటే దెబ్బకు లోపలికి వంగి మళ్ళీ వస్తుంది. ఆ పట్టీలు గోడను కలిసే చోట పదునైన మూల ఉంచితే పగులు అక్కడే పుడుతుంది, అక్కడ గుండ్రం ఇవ్వాలి. ఆ గుండ్రం వ్యాసార్ధం గోడ మందంలో సగమైనా ఉంటే మంచిది.

ఇవన్నీ డ్రాయింగులో కనిపిస్తాయి. కనిపించనిది అతుకు గీత. కరిగిన ప్లాస్టిక్ మోల్డులోకి నాలుగైదు చోట్ల నుంచి వస్తుంది. రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి కలిసిన చోట సన్నని వెంట్రుక లాంటి గీత పడుతుంది. చుట్టూ ఉన్న భాగం కంటే అక్కడ బలం తక్కువ. ఆ గీత కాలి ముఖం మీదో, నోటి అంచు మీదో పడితే మిగతా డిజైను ఎంత బాగున్నా వృథా. మోల్డు కోయకముందే కంప్యూటర్‌లో ప్రవాహం నడిపి గీతలు ఎక్కడ పడతాయో చూపించమనండి. చూపించలేను అన్నవారికి ఆర్డరు ఇవ్వకండి.

పెన్నా_ఒడ్డు:
విరిగినవాటిలో మధ్య కాళ్ళన్నీ ఒకే చోట, ఎడమ అంచు నుంచి రెండు వేళ్ళ దూరంలో నిలువుగా చీలాయి. లైటు వేసి చూస్తే విరగని వాటిలోనూ అక్కడ గీత కనిపిస్తోంది!

మోల్డు_మేస్త్రి:
అదే.

పొగాకు_పెట్టె (టంగుటూరు):
నాదో సందేహం. మాకు 200 కిలోల పొగాకు పెట్టెలు. చెక్క ప్యాలెట్టు పలక విరిగితే మేకులు కొట్టి కొత్త పలక వేసుకుంటాం. చుట్టుపక్కల జామాయిల్ కర్రకు కొదవ లేదు, వడ్రంగి కూడా ఉన్నాడు. ఎగుమతికి వెళ్ళే చెక్కను మాత్రం లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి ముద్ర వేయించాలి. ప్లాస్టిక్‌కు ఆ నియమం లేదు, అంతవరకు సుఖమే. కానీ ఒక్క కాలు విరిగితే మొత్తం తుక్కుకేనా?

మోల్డు_మేస్త్రి:
కాళ్ళు, కింది పట్టీలు విడిగా పోతపోసి బిగించే రకాలు ఉన్నాయి. దెబ్బ తినే భాగం మార్చుకోవచ్చు, పై పలక అలాగే ఉంటుంది. బిగించే కొక్కెం ప్లాస్టిక్‌దే అయితే చలి గదిలో ఊడదీయకండి, బయట కాసేపు ఉంచి తీయండి. నేను ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను ఎక్కువ ఒత్తిడితో అచ్చులోకి నెట్టే పద్ధతి) మనిషిని కనుక పక్షపాతం ఉండవచ్చు గానీ, పెన్నా ఒడ్డు గారు స్ట్రక్చరల్ ఫోమ్ వారితో కూడా మాట్లాడండి. తక్కువ ఒత్తిడితో, లోపల సన్నని నురుగుతో మందమైన గోడలు వస్తాయి. ఇంజెక్షన్‌లో పలుచని గోడలు నిండాలంటే పలుచగా పారే గ్రేడు కావాలి. అలా పారే గ్రేడులో అణువుల గొలుసులు పొట్టివి, దెబ్బకు ఓర్పు తక్కువ. ఫోమ్‌లో చిక్కని గ్రేడు వాడే వీలుంది. అచ్చుకు పట్టే సమయం ఎక్కువ, ముఖం నున్నగా రాదు. రొయ్యల ప్లాంటులో ఆ గరుకు ముఖం కడగడం తేలికేనా అన్నది మీరే చెప్పాలి.

చీమకుర్తి_రాయి:
గ్రానైట్ పలకలకు ఇవి పనికి వస్తాయా?

ఫీడ్_గోడౌన్ (కావలి):
రాయి అంచు ఒక్క చోట మోపితే ప్లాస్టిక్ ఏ రకమైనా నలిగిపోతుంది. మీకు చెక్క పెట్టెలే నయం సార్.

పెన్నా_ఒడ్డు:
కడగడం గురించి మేస్త్రి గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. రోజూ క్లోరిన్ నీళ్ళతో కడుగుతాం. కాళ్ళ బోలులో నీళ్ళు నిలుస్తాయి. అవే ఫ్రీజరులోకి వెళతాయి. ఒక కాలు పగలగొట్టి చూస్తే లోపల మంచు ముద్ద.

మోల్డు_మేస్త్రి:
నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది. దారి లేకపోతే గోడను నెడుతుంది. ప్రతి కాలికీ అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉండాలి, రంధ్రం అంచు గుండ్రంగా ఉండాలి. ఇనుప గొట్టాలు పెట్టిస్తే రెండు చివరలూ పూర్తిగా మూయించండి, లేకపోతే తుప్పు నీళ్ళు సరుకు మీద కారతాయి.

పసుపు_బండి:
ఫోర్కులు కూడా చూడండి. నేలకు రాసుకుని రాసుకుని మొనలు పదునెక్కుతాయి. అప్పుడప్పుడు గ్రైండింగు పట్టించి గుండ్రం చేయించాలి. మడమ దగ్గర, అంటే ఫోర్కు వంపు తిరిగే చోట, మందం పదో వంతు అరిగితే ఆ ఫోర్కు తీసేయాలని నియమం, ఎంతమంది కొలుస్తారో నాకు తెలియదు. ఇంకొకటి, గోడకు ఆనించి ప్యాలెట్లు పెట్టించకండి. జానెడు ఖాళీ ఉంటే దెబ్బ తగిలినప్పుడు ప్యాలెట్టు జారుతుంది. గోడకు ఆనితే జారే చోటు లేక విరుగుతుంది. లోడింగు రోజున సూపర్‌వైజర్లు వెనక నిలబడి తొందరపెట్టడం మానితే ఇంకా మంచిది, అది ఏ డిజైనరూ చేయలేడు.

పెన్నా_ఒడ్డు:
మా యజమానితో మాట్లాడాను. మోల్డు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం. ముందు 1070 ఫోర్కులు తెప్పించి, వాటి మీద కూడా 1000 దగ్గర గీత గీయిస్తున్నాం. మూడు చోట్ల నుంచి కొద్ది కొద్దిగా హెచ్‌డీపీఈ ప్యాలెట్లు అడిగాం, వాటిలో ఒకటి కాళ్ళు మార్చుకునే రకం. ఐఎస్ఓ 8611 (ప్యాలెట్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం) పరీక్షల్లో పలక అంచు దెబ్బ, కాలి దెబ్బ, మూల మీద పడవేయడం, ఈ మూడింటి నివేదిక కావాలని, ఎంత చలిలో చేశారో రాయమని షరతు పెట్టాం. ఇద్దరు ఇంకా జవాబివ్వలేదు. మా వంతుగా ఒక్కో రకాన్నీ రాత్రంతా ఫ్రీజరులో ఉంచి బయటికి తెచ్చిన వెంటనే మూల మీద పడవేసి చూస్తాం. తుక్కు లెక్క గారూ, ఆ గుట్టను కొంటారా?

తుక్కు_లెక్క (ఒంగోలు):
కొంటాను. సుద్ద ఉన్నవి, లేనివి కలపకుండా నీటి పరీక్ష చేసి వేరు చేసి పెట్టండి, ధరలో తేడా ఉంటుంది. మంచు ముద్దలు కరిగాకే తూకం.

పెన్నా_ఒడ్డు:
సరేనండీ, సోమవారం బండి పంపండి.