రాజు చేతిలోని అధికారం పార్లమెంటుకు ఎప్పుడు దఖలుపడింది: 1689లోనా, 1835లోనా?

గుంటూరు పాఠకుడు:
ఇంగ్లండులో రాజాధికారం, రెండో జేమ్స్‌ను తొలగించి విలియంను గద్దెనెక్కించిన 1688 విప్లవంతోనే పార్లమెంటు వశమైందని మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అయితే ఆ తరువాత దాదాపు నూరేళ్లకు, 1783లో, మూడో జార్జి తనకు గిట్టని మంత్రివర్గాన్ని రాత్రికి రాత్రి ఇంటికి పంపి, ఇరవై నాలుగేళ్ల విలియం పిట్‌ను ప్రధానిగా కూర్చోబెట్టాడు. అధికారం అప్పటికే చేతులు మారి ఉంటే ఇది ఎలా సాధ్యమైంది? పెద్దలు తమ అభిప్రాయం తెలుపగలరు.

న్యాయవాది:
1689ని తక్కువ చేయడం సరికాదు. ఆ ఏడాది రాజు అధికారాలకు హద్దులు గీస్తూ పార్లమెంటు చేసిన హక్కుల శాసనంలోని మాటల కంటే, దాని వెనకాలే వచ్చిన రెండు ఏర్పాట్లను చూడండి. 1685లో రెండో జేమ్స్‌కు ప్రధానమైన రాబడులను జీవితాంతం రాసిచ్చిన పార్లమెంటు, 1690లో విలియంకు కస్టమ్స్ సుంకాలను నాలుగేళ్లకు మాత్రమే ఇచ్చింది. సైన్యంలో క్రమశిక్షణకు ఆధారమైన తిరుగుబాటు చట్టాన్ని స్వల్ప గడువుతో చేసి, మళ్లీ మళ్లీ పొడిగించవలసినదిగా ఉంచింది. గడువు తీరిందంటే, పారిపోయిన సైనికుడిని పట్టుకున్నా సైనిక న్యాయస్థానంలో నిలబెట్టడానికి చట్టం ఉండదు. పైగా ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది. మొదటి చార్లెస్ 1629 నుంచి 1640 దాకా సభను పిలవకుండానే రాజ్యమేలాడు. 1689 తరువాత పార్లమెంటు సమావేశం కాని సంవత్సరం లేదు. ఖజానా తాళం ఎవరి దగ్గర ఉంటే అధికారం వారిదే కదా.

సర్కారు జిల్లాలవాడు:
రాజు ఏటా పార్లమెంటు గడప తొక్కక తప్పని స్థితి వేరు, రాజుగారి మంత్రులెవరో పార్లమెంటు నిర్ణయించే స్థితి వేరు. న్యాయవాది గారు చెప్పినది మొదటిది. రెండోది ఎప్పుడు వచ్చిందో తెలియాలంటే, రాజు చేసిన ఒకే పనికి యాభై ఏళ్ల తేడాతో వచ్చిన రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

1783లో, రాజుకు గిట్టని ఆ మంత్రివర్గంలోని ఫాక్స్ తెచ్చిన ఈస్టిండియా బిల్లు, కంపెనీ పాలనను పార్లమెంటు నియమించే కమిషనర్లకు అప్పగించాలన్నది. (అప్పటికే ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలో ఉన్నాయి కనుక ఈ గొడవ మనకూ సంబంధించినదే, అయినా రాజమహేంద్రవరంలో ఎవరినీ ఎవరూ అడగలేదనుకోండి.) ఎన్నికైన సభ్యులుండే కామన్స్ సభ దానిని ఆమోదించింది. ప్రభువుల సభలో దానికి ఓటు వేసేవారిని తన శత్రువులుగా పరిగణిస్తానని రాజు లార్డ్ టెంపుల్ ద్వారా కబురు చేశాడు. డిసెంబరు 17న బిల్లు 76కి 95 ఓట్లతో ఓడింది. మరునాటి రాత్రే, వారి ముఖం చూడడం తనకు ఇష్టం లేదు కనుక అధికార ముద్రలను కింది కార్యదర్శుల చేత పంపించమని ఫాక్స్‌కూ, ఆయనతో కలిసి ఆ మంత్రివర్గాన్ని నడిపిన నార్త్‌కూ ఆజ్ఞ అందింది. కామన్స్‌లో పిట్ పలుమార్లు ఓడినా కుర్చీ వదలలేదు. 1784 మార్చిలో సభను రద్దు చేయించి, ఎన్నికలలో భారీ ఆధిక్యం సంపాదించాడు. జనంలో ఫాక్స్‌పై కోపం ఉన్నమాట నిజమే గానీ, ఖజానా సొమ్మూ, పలుకుబడి గల భూస్వాముల జేబులోని నియోజకవర్గాలూ కూడా రాజు పక్షానే పనిచేశాయి. దాదాపు జనమే లేని ఓల్డ్ సారం ఇద్దరు సభ్యులను పంపుతుండగా మాంచెస్టరుకు ఒక్క సభ్యుడూ లేని కాలమది.

1834 నవంబరులో నాలుగో విలియం రాజు కూడా ప్రధాని మెల్‌బోర్న్ మంత్రివర్గాన్ని అలాగే తొలగించాడు. ఆయన స్థానంలో రాజు ప్రధానిగా ఎంచుకున్న పీల్ ఇటలీ నుంచి హుటాహుటిన వచ్చి ఎన్నికలకు వెళ్లాడు. సీట్లు పెరిగాయి, ఆధిక్యం మాత్రం రాలేదు. 1835 ఏప్రిల్‌లో ఆయన రాజీనామా చేయగా, రాజు తాను పంపించివేసిన మెల్‌బోర్న్‌నే మళ్లీ పిలవవలసి వచ్చింది. ఈ రెంటికీ నడుమ, 1832 సంస్కరణ చట్టం ఓల్డ్ సారం వంటి 56 నియోజకవర్గాలను పూర్తిగా ఎత్తివేసింది.

న్యాయవాది:
1832కి ముందే రాజు తలవంచిన సందర్భం ఉంది. 1801లో క్యాథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు ఇచ్చే విషయమై మూడో జార్జి మొండికేస్తే పిట్టే రాజీనామా చేశాడు. 1829 మార్చి 4న నాలుగో జార్జి అదే విషయంపై విండ్సర్ కోటలో అడ్డం తిరిగి ప్రధాని వెల్లింగ్టన్, ఆయన మంత్రి పీల్‌ల రాజీనామాలను ఆమోదించాడు, కానీ ఆ రాత్రే మళ్లీ కొనసాగమని ఉత్తరం రాసుకున్నాడు. మరి దీనికి సంస్కరణ చట్టం కారణమని ఎలా అంటారు?

సర్కారు జిల్లాలవాడు:
మంచి ఉదాహరణే, కానీ అది వేరే సంగతికి రుజువు. 1829లో నాలుగో జార్జికి అడ్డుపడినది ఎన్నికల తీర్పు కాదు, వెల్లింగ్టన్ స్థానంలో ప్రభుత్వాన్ని నడపగల మనిషి దొరకకపోవడం. బ్రిటన్‌లో నాటి జనాభిప్రాయం చాలావరకు క్యాథలిక్కులకు ప్రతికూలమే కనుక, సాహసించే మంత్రి ఒకడు దొరికి ఎన్నికలకు వెళ్లి ఉంటే రాజే నెగ్గేవాడేమో. 1834లో మంత్రి దొరికాడు, ఎన్నికలూ జరిగాయి, అయినా సభ చిక్కలేదు. తరువాత వచ్చిన విక్టోరియా రాణి అభిమానం బాహాటంగా మెల్‌బోర్న్ వైపే ఉన్నా 1841 ఎన్నికలలో ఆయన ఓడిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు, తన అంతఃపుర పరిచారికలను మార్చమని అడిగితే తాను లొంగని పీల్‌నే రాణి ప్రధానిగా పిలవక తప్పలేదు.