సమస్య: గాలివానకు గణములు గలవె చెపుమ

నిర్వాహకుడు: ఈసారి సమస్య కరీబియన్ దీవి బార్బడోస్ నుంచి. కవి, చరిత్రకారుడు కమౌ బ్రాత్‌వైట్ (1930–2020) తుఫాను ఇంగ్లీషు వాళ్ల ఐదు గణాల (లయ తునకల) పద్యపాదంలో గర్జించదన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు. బ్రిడ్జ్‌టౌన్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, 1955 నుంచి 62 దాకా ఘనాలో విద్యాశాఖలో పనిచేసి, తర్వాత జమైకాలో పాఠాలు చెప్పాడు. పై పాదం చివర వచ్చేలా మీరు కట్టే మూడు పాదాల పూరణ ఆయన మీదే ఉండాలి. శివుడి జటలు, హనుమంతుడి తోక తెచ్చి అతికించకండి.

గోదారిగట్టు:
ఆంగ్ల గణముల కొలతకు నందలేదు
ద్వీప జనముల నోటిలోఁ దిరుగు పలుకు
పంచగణముల సంకెలఁ బగులఁగొట్టె
గాలివానకు గణములు గలవె చెపుమ

ద్వీపజనుల పలుకంటే ఆయన ‘నేషన్ లాంగ్వేజ్’ అన్నదే, కరీబియన్ జనం తమదిగా మలుచుకున్న ఇంగ్లీషు.

కొల్లేటికొంగ: సంకెళ్లు పగిలాయంటూనే అరసున్నలతో సహా ఎంత బుద్ధిగా నడిపారండీ తేటగీతి ఛందస్సు! నాదీ చూడండి. మంచు ఎరగని పిల్లలు బడిలో చెరకు తోటల మీద మంచు కురిసిందని రాసేవారని ఆయనే చెప్పాడు.

చెఱకు తోటలఁ గురిసెను చేరి మంచు
అనుచు వ్రాసిరి పిల్లలా యాంగ్లబడిని
కుంభవృష్టికిఁ బాఠమ్ము కుదరదాయె
గాలివానకు గణములు గలవె చెపుమ

వట్టిపాదం: మూడో పాదానికి వందనం. కానీ ‘మంచు’ తర్వాత ‘అనుచు’ విసంధి, జరగాల్సిన సంధి జరగలేదు. ‘చేరి’ అయితే యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదర్చడం కోసం, పిలవని పేరంటానికి వచ్చింది. 1988లో గిల్బర్ట్ తుఫాను జమైకాలో ఆయన ఇంటినీ రాతప్రతుల్నీ బురదలో ముంచింది. నేను దాన్ని పట్టుకున్నా: ‘గిల్బర్టు పుట్టి పొత్తాల...’

కొల్లేటికొంగ: ఆగండాగండి. తేటగీతి పాదంలో మొదటిది మూడు మాత్రల సూర్యగణం కావాలి. గిల్బర్టు ఐదు మాత్రల తగణం. విసంధి పట్టే కళ్లకు ఇది ఆనలేదా?

వట్టిపాదం: ముందూ వెనకా మార్చితే సరి.

పుట్టి గిల్బర్టు పొత్తాల బురదఁ గలిపె
కవియుఁ గాలిప్సొ తాళానఁ గట్టెఁ గవిత
లేవటంచును బల్కిన లెక్క తప్పు
గాలివానకు గణములు గలవె చెపుమ

గోదారిగట్టు: అబ్బ! మేమిద్దరం ప్రశ్న అనుకున్న ‘గలవె’లోని ఏకారాన్ని అవధారణం (నొక్కి చెప్పడం) చేసేశారు. ‘కలవే, ఆ సంగతి చెప్పు’ అని. పైగా నిజం కూడా. ఆయన లయను వదల్లేదు, కరీబియన్ పాట కాలిప్సోలో వెతుక్కున్నాడు. ‘పుట్టి’ కూడా భేష్, తుఫాను పుడుతుంది కదా.

కొల్లేటికొంగ: బాగుంది, ఒప్పుకుంటా. ఉగాదికి ‘కోకిల దోమను పెళ్లాడింది’ అని సమస్య ఇస్తే రెండూ ఊళ్లో ముద్దుపేర్లని తప్పించుకున్న మనిషేనా ఈయన?

వట్టిపాదం: ఆ పూరణకు మొదట చప్పట్లు కొట్టింది తమరే.

కొల్లేటికొంగ: మొహమాటానికి కొట్టానండీ.

నిర్వాహకుడు: దోమను వదిలేయండి. ‘చేరి’కి బదులు ఎవరైనా చెప్పండి.

గోదారిగట్టు: ‘చెఱకు తోటలఁ గురిసెను చిఱుత మంచు’?

వట్టిపాదం: యతి కుదిరింది, అర్థమూ వచ్చింది. విసంధి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, కొంగగారూ.