డీటీఎస్ ఫైలుకు బొమ్మ ఉంది, శబ్దం లేదు. పాత 5.1 రిసీవర్ మార్చాల్సిందేనా?

మాది అనంతపురం. మా మామ తన పాత 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ నడిపే పెట్టె), స్పీకర్లు మాకిచ్చినాడు. దానికి హెచ్‌డీఎంఐ లేదు, ఆప్టికల్ (వెలుతురుతో శబ్దం మోసే కేబుల్ దారి) ఉంది. నా బ్లూరే డిస్కుల నుంచి చేసుకున్న ఎంకేవీ వీడియో ఫైళ్లు మినీ పీసీలో కోడి అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో చూస్తా. పీసీ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, టీవీ నుంచి రిసీవర్‌కు ఆప్టికల్. శబ్దం డాల్బీ పద్ధతిలో ఉన్న ఫైళ్లు బాగా పలుకుతాయి. డీటీఎస్ పద్ధతిలో ఉన్నవాటికి చప్పుడే రాదు. పాస్‌త్రూ (శబ్దాన్ని పీసీ విప్పకుండా అట్లే పంపడం) తీసేస్తే రెండు స్పీకర్లే మోగుతాయి. అమ్మకు కొట్లాటలు తప్ప మాటలు వినపడవు. షాపులో కొత్త రిసీవర్ కొనమంటున్నారు.

కర్నూలు నుంచి:
కొనొద్దు తమ్ముడూ. సి-క్యాంపు వైపు ఇళ్లకు ఇవే బిగిస్తుంటా. రిసీవర్ మీద డీటీఎస్ గుర్తు ఉందా? ఉంటే అడ్డం పడేది టీవీనే. చాలా టీవీలు డీటీఎస్‌ను తాము విప్పవు, ముందుకూ పంపవు.

మినీ పీసీ హెడ్‌ఫోన్ జాక్‌లో ఎర్రటి వెలుతురు కనబడితే అందులోనే ఆప్టికల్ ఉన్నట్టు. చిన్న అడాప్టర్ పిన్ను తెచ్చి నేరుగా రిసీవర్‌కు కలుపు. టీవీకి బొమ్మ పోతే చాలు. కోడి ఆడియో సెట్టింగుల్లో ఔట్‌పుట్ ఎస్పీడిఫ్ (అంటే ఈ ఆప్టికల్ దారే), ఛానెళ్లు 2.0, పాస్‌త్రూ ఆన్, డాల్బీ డిజిటల్, డీటీఎస్ రెండిటికీ టిక్.

5.1కి 2.0 ఏంది అంటావేమో. ఆప్టికల్‌లో విప్పిన శబ్దమైతే రెండు ఛానెళ్లే పడతాయి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో అంటే సెకనుకు 1536 కిలోబిట్లు. డీటీఎస్ పూర్తి రేటు 1509, కాబట్టి ఆ సందులో దూరిపోతుంది. డాల్బీ డిజిటల్ 640 దాటదు. వాటిని విప్పే పని రిసీవర్‌ది.

అడిగినాయన:
ఎర్ర లైటు ఉందన్నా, డీటీఎస్ మోగింది! మరి బ్లూరేల్లో వచ్చే పెద్ద రకాలు, డీటీఎస్-హెచ్‌డీ, డాల్బీ ట్రూహెచ్‌డీ సంగతేంది?

కర్నూలు నుంచి:
బ్లూరే డీటీఎస్-హెచ్‌డీ లోపల మామూలు డీటీఎస్ ఉంటుంది, కోడి దాన్నే పంపుతుంది. ట్రూహెచ్‌డీకి డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ (కోడియే దాన్ని డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపడం) ఆన్ చెయ్. అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే శబ్దం) పోతుంది, పోనీ, నీ పైకప్పుకు స్పీకర్లు లేవు కదా. అమ్మ కోసం సెంటర్ స్పీకర్ రెండు మూడు డీబీ పెంచు.

కడప నుంచి:
ఎన్నాళ్లీ తిప్పలప్పా? ఈఆర్క్ (హెచ్‌డీఎంఐ తీగలోనే టీవీ నుంచి రిసీవర్‌కు శబ్దం పంపే దారి) సెకనుకు 37 మెగాబిట్ల దాకా మోస్తుంది. అదున్న రిసీవర్ తీసుకుంటే సరి.

కర్నూలు నుంచి:
టీవీకీ ఈఆర్క్ ఉండాలి కదప్పా, ఆ టీవీ డీటీఎస్‌ను ముందుకు పంపాలి కూడా. కొత్తది కొన్నా పీసీని ముందు రిసీవర్‌కే కలపండి, టీవీ తర్వాత.