డిప్రెషన్‌కు చేపనూనె: మాత్రలు మానిపించవచ్చా? ఏ చేప మంచిది?

కోనసీమవాసి:
మా తమ్ముడు కొంతకాలంగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాడు. మనిషి కాస్త తేరుకుని మళ్లీ పొలం వైపు వెళ్తున్న ఈ సమయంలో, దగ్గరి బంధువొకరు ఆ మాత్రలు మానిపించి చేపనూనె గుళికలు వేయమని పట్టుబడుతున్నారు. చేప కొవ్వుకు మనసును బాగుచేసే గుణం నిజంగా ఉందా, ఉంటే ఏ చేపలో ఎక్కువ, గుళికలైతే ఎంత మోతాదు, కార్తీక మాసంలో మా ఇంట నీచు ముట్టరు గనుక ఆ నెల ఏం చేయాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

యానాం ఆడపడుచు:
పులసను మించిన చేప లేదండీ. ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతూ వచ్చే చేప అది. ఒంటి నిండా కొవ్వు పెట్టుకునే బయలుదేరుతుంది. మట్టి దాకలో సన్నని సెగ మీద వండి దించితే, తెల్లవారేసరికి పులుసు మీద పేరుకునే నూనెను చూసినవారికి ఇంకే రుజువూ అక్కర్లేదు. మామగారు పోయాక మా అత్తగారు అన్నం మీద ధ్యాస లేకుండా ఉన్న రోజుల్లో, ఆ పులుసుతోనే మళ్లీ ముద్ద ఎత్తారు. చెరువు చేప ఎంత తిన్నా ఆ బలం రాదు, అది తవుడు తిని పెరిగిన చేప.

ఆకివీడు రైతు:
అమ్మా, చెరువు చేపను అంత తేలిగ్గా తీసిపారేయకండి. అడుగున చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు, నూనెగింజల చెక్క నింపి చెరువులో కర్రలకు కట్టే పని మాది. ఏ నీటిలో ఏ మేతకు చేప ఎలా ఎదుగుతుందో మాకు తెలుసు. పులస దొరికేది వరద నెలల్లోనే, అదీ వేలు పోయగలిగినవారికే. మిగతా కాలమంతా జిల్లాకూ, బయటి రాష్ట్రాలకూ తిండి పెట్టేది మా శీలావతీ, కట్లానే. పైగా ఒడిశా నుంచి ఐసులో వచ్చిన, అదే జాతి చేపైన ఇలసను పులస పేరుతో అంటగడుతుంటే, దానిలో బలం ఉందని మురిసిపోవడం ఎంతవరకు సబబు?

యానాం ఆడపడుచు:
మేము రేవులో పడవ దగ్గరే కొంటాము. ఇలస ఏదో, పులస ఏదో మాకు ఒకరు నేర్పనక్కర్లేదు.

విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ:
మత్స్యశాస్త్రం ముప్పై ఏళ్లు బోధించినవాడిగా ఈ వాదాన్ని ఇక్కడితో ఆపమని కోరుతున్నాను. మెదడుకు సంబంధించి మనం మాట్లాడుకోవలసినవి ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు ఒమేగా-3 కొవ్వులు. వాటిని ప్రధానంగా తయారుచేసేది నీటిలోని సూక్ష్మమైన నాచు. దాన్ని తిన్న చిన్న ప్రాణుల ద్వారా అవి చేపకు చేరతాయి. అందుకే సముద్రంలో మేసే కవళ్లు (సార్డీన్), కానాగంతల్లో (మాకెరెల్) ఇవి సమృద్ధిగా ఉంటాయి. తవుడు, చెక్కల మీద పెరిగిన చేపలో ఒమేగా-6 అనే మరో రకం కొవ్వు వాటా పెరుగుతుంది. ఒమేగా-3 బొత్తిగా లేకపోదు గానీ తక్కువ. పులసలోనూ ఉన్నాయి, కాని తక్కువ ధరకు వచ్చే కవళ్లను వదిలి దాని కోసం అప్పు చేయనక్కర్లేదు. ఇక మనసు విషయానికి వస్తే, 1998లో జోసెఫ్ హిబ్బెల్న్ లాన్సెట్ పత్రికలో దేశాలను పోల్చి, చేపలు ఎక్కువగా తినే జపాన్ వంటి చోట్ల డిప్రెషన్ తక్కువగా కనిపిస్తోందని చూపించారు.

ఆకివీడు రైతు:
అధ్యాపకులు గారూ, తక్కువ అన్నారు గానీ ఆ తక్కువైనా అందుబాటులో ఉన్నది మా చేపలోనే కదా. దాన్ని నూనెలో మాడ్చి తిని, బలం లేదని చేపను నిందించడం న్యాయం కాదు. పులుసు పెడితే కొవ్వు పులుసులోనే ఉంటుంది.

మందుల షాపు, తణుకు:
అధ్యాపకులు గారు 1998 దగ్గరే ఆగిపోయారు. దేశాలను పోల్చినంత మాత్రాన చేపే కారణమని తేలదు. ఆ దేశాల తిండి, సంపద, బతుకుతీరు అన్నీ వేరు. 2021లో అమెరికాలో ప్రచురించిన పరీక్షలో, యాభై ఏళ్లు దాటిన 18,353 మందిలో కొందరికి రోజుకు ఒక గ్రాము చేపనూనె, మిగతావారికి ఉత్తుత్తి గుళిక ఇచ్చి సుమారు ఐదేళ్లు చూశారు. డిప్రెషన్‌ను అది నివారించలేదు సరికదా, ముప్పు కొద్దిగా ఎక్కువగానే కనిపించింది.

విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ:
ఆ పరీక్ష జబ్బు రాకుండా ఆపగలదా అన్నదాని మీద. వచ్చిన జబ్బుకు మందులతో పాటు ఇచ్చినప్పుడు, ఈపీఏ వాటా ఎక్కువగా ఉన్న నూనె కొందరికి కొంత మేలు చేసిందని చూపిన పరీక్షలు ఉన్నాయి. రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపి నన్ను పాతకాలపువాడినని తేల్చడం తొందరపాటు.

మందుల షాపు, తణుకు:
ఆ తేడాను ఒప్పుకుంటాను, కాని మీరు చెప్పే మోతాదు ఎంతో కూడా చెప్పాలి. 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం రోజుకు ఒకటి నుంచి రెండు గ్రాముల ఈపీఏ అంటోంది. దుకాణంలో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వెయ్యి మిల్లీగ్రాములని ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే చాలా రకాల్లో 180 ఈపీఏ, 120 డీహెచ్ఏ మాత్రమే. ఆ లెక్కన ఒక గ్రాము ఈపీఏకే రోజుకు ఐదారు గుళికలు మింగాలి. కాడ్ లివర్ నూనెతో ఆ పని చేస్తే విటమిన్ ఎ మితిమీరుతుంది. రక్తం పలుచన చేసే మందులు వాడేవారూ, గుండె లయ తప్పేవారూ డాక్టరును అడగకుండా ముట్టకూడదు.

అగ్రహారం:
మేము శాకాహారులం. అవిసె గింజలను దోరగా వేయించి, మిరపకాయలతో పొడి కొట్టుకుని రోజూ తింటాము, చేపకు బదులు అది చాలదా?

విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ:
అవిసెలో ఉండేది ఏఎల్ఏ అనే మరో రకం ఒమేగా-3. మన ఒంట్లో అది ఈపీఏగా మారేది కొద్ది భాగమే, డీహెచ్ఏగా మారేది ఇంకా తక్కువ. నాచు నుంచి తీసిన నూనె గుళికలు దొరుకుతున్నాయి. కార్తీకంలో కోనసీమవాసి గారికీ అదే దారి.

నరసాపురం అక్క:
మీరందరూ చేప దగ్గరే తిరుగుతున్నారు, ఆ అబ్బాయి మాత్రల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. మా ఇంట్లో ఒకరి చేత ఇలాగే బంధువులు చెప్పారని మాత్రలు ఉన్నపళాన మానిపించారు. తల తిరుగుడు, నిద్ర లేకపోవడం, ఉలికిపాట్లు మొదలై, తరవాత పాత దిగులంతా తిరగబెట్టింది. మీ తమ్ముడు తేరుకున్నాడంటే ఆ మాత్రలు పనిచేస్తున్నాయని అర్థం. తగ్గించాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆ బంధువుకు మీరే గట్టిగా చెప్పండి, తమ్ముడి ఎదుట ఆ ప్రస్తావనే రానివ్వకండి. ఏ వేళ మనసు బాగోకపోయినా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణిలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

కోనసీమవాసి:
అక్కా, మాత్రలు ఆపడం లేదు. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు గుళికల డబ్బా కూడా తీసుకెళ్లి అడుగుతాను. వారానికి రెండుసార్లు కవళ్లు వండుదామని అమ్మ ఒప్పుకుంది. మా వైపు తాజావి ఎక్కడ దొరుకుతాయి?

యానాం ఆడపడుచు:
అంతర్వేది పల్లిపాలెం రేవుకు తెల్లవారకముందే వెళ్లండి. మొప్ప ఎత్తి చూసి ఎర్రగా ఉంటేనే కొనండి. ఎండ ఎక్కాక అవి తొందరగా పాడవుతాయి.