ఈసీజీ ప్యాచ్ జిగురు: స్టీలు పలక మీద పాస్, ఒంటి మీద ఫెయిల్

సాగరతీరం (విశాఖ):
మా చిన్న టీమ్ వారం రోజులు ఛాతీ మీద ఉండాల్సిన ఈసీజీ ప్యాచ్ తయారు చేస్తోంది. స్టీలు పలకకు అతికించి 180 డిగ్రీల కోణంలో లాగే పరీక్షలో జిగురు బాగానే నిలబడింది. మనుషులకు పెడితే మాత్రం ఇక్కడి చెమటకు అంచులు లేచిపోతున్నాయి. ఇంకా గట్టి అక్రిలిక్ జిగురు వాడితే ఊడట్లేదు కానీ, తీశాక చర్మం కందిపోతోంది. దీన్ని వాడేది ఎక్కువగా పెద్దవాళ్లు, వాళ్ల చర్మం పలచన. అదే నా టెన్షన్. ఇంకేం పరీక్షలు చేయాలి?

టేపులబ్బాయి:
స్టీలుకు చెమట పట్టదు, వెంట్రుకలుండవు, పైపొర రాలదండీ. జిగురు మార్చే ముందు దాని పైనున్న ఫిల్మ్ చూడండి. ఆవిరి బయటికి పోకపోతే చెమట కిందే చేరి పట్టు వదులుతుంది. ఆవిరి పోనిచ్చే పాలీయురేథేన్ ఫిల్మ్‌తో, మూలలు గుండ్రంగా కోసి, మళ్లీ మనుషుల మీదే చూడండి. తీశాక చర్మంలోంచి నీరు ఎంత ఆవిరవుతోందో కొలిచే మీటరు ఉంటుంది. పైపొర ఎంత దెబ్బతిందో అది చెబుతుంది. పెద్దవాళ్ల కోసం సిలికాన్ జిగురు కూడా పోల్చి చూడండి, పట్టు కాస్త తక్కువైనా చర్మాన్ని లాగేయదు.

చర్మవైద్యురాలు:
లాగినప్పటి ఎరుపు సాధారణంగా త్వరగా తగ్గుతుంది. అలర్జీ అలా కాదు, పడని పదార్థాన్ని ఒళ్లు గుర్తుపట్టడానికే రోజులు, వారాలు పడుతుంది. దురద పెరుగుతుంది, ఎరుపు ప్యాచ్ అంచు దాటి పాకొచ్చు. ఒక్క వారం చూసి ‘సేఫ్’ అనకండి, దయచేసి.

సాగరతీరం:
మేడమ్, జిగురు సప్లయర్ ఇచ్చిన అలర్జీ రిపోర్టు సరిపోదా?

చర్మవైద్యురాలు:
సరిపోదండీ. షుగర్ చూడటానికి ఒంటికి అతికించుకునే ఒక గ్లూకోజ్ సెన్సార్ వాడినవాళ్లకు వచ్చిన అలర్జీకి ఐసోబోర్నైల్ అక్రిలేట్ అనే రసాయనం కారణమని 2017లో బయటపడింది. అది ఎక్కువగా దొరికింది ప్లాస్టిక్ భాగాలను కలిపిన చోట. అక్కణ్నుంచి చర్మానికి తగిలే జిగురులోకి చేరి ఉంటుందని అంచనా. అందుకే పూర్తిగా తయారైన ప్యాచ్‌నే పరీక్షకు పంపండి. మనుషుల మీద చేసే రిపీట్ ప్యాచ్ టెస్ట్‌లో మూడు వారాల పాటు మళ్లీ మళ్లీ అతికిస్తారు, సుమారు రెండు వారాలు ఆపి, కొత్త చోట పెట్టి చూస్తారు. ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి.

చిన్నోడి అమ్మ:
మా బాబుకు టైప్ 1 షుగర్, సెన్సార్ ఎప్పుడూ ఒంటి మీదే ఉంటుంది. ఒక్కటి అడుగుతానండీ. మీ పరీక్షల్లో ప్యాచ్ తీసేది మీ టెక్నీషియన్లే అయితే, ఇంట్లోవాళ్ల చేత కూడా తీయించి చూడండి. చర్మాన్ని ఒక చేత్తో నొక్కిపట్టి, అంచును పైకి కాకుండా వెనక్కి మడుస్తూ మెల్లగా లాగాలని మాకు నర్సమ్మ చూపించేదాకా తెలియదు. పెట్టె మీద బొమ్మ వేసి పెట్టండి.