రోజూ తిరిగే వీ-క్రాస్‌కి చిన్న లిఫ్ట్: ఒకటిన్నర అంగుళమా, రెండా? అసలు అవసరమా?

కొల్లేరు_గట్టు

నమస్కారమండి అందరికీ. మాది ఆకివీడు దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాం. నా దగ్గర 2018 ఇసుజు వీ-క్రాస్ పికప్ ఉంది, 2.5 లీటర్ల మాన్యువల్, ఫోర్ బై ఫోర్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మీటరు ఇప్పుడు 1,14,000 దాటింది, కింద ఏమీ మార్చలేదు, షాకబ్జర్లు కూడా కంపెనీవే. ఇది షోకు బండి కాదండి, ఇంట్లో ఉన్నది ఇదొక్కటే. పొద్దున్నే చెరువుల మీదికి, ఆ తర్వాత పిల్లల్ని స్కూల్లో దింపడానికి, మధ్యాహ్నం ఉండి మీదుగా భీమవరం, వారానికి రెండుసార్లు వెనకాల పది పన్నెండు మేత బస్తాలు (పాతిక కేజీలవి), ఆదివారం అమ్మని తీసుకుని గుడికి.

ఇబ్బంది ఏంటంటే, వానాకాలం అయ్యేసరికి గట్ల మీద టైర్ల గాళ్లు లోతుగా పడిపోయి మధ్యలో దిబ్బ బండి పొట్టకి గీసుకుంటోంది. బస్తాలు వేస్తే వెనక కూర్చుండిపోయి లైట్లు చెట్ల కొమ్మల్లోకి కొడుతున్నాయి, ఎదురొచ్చేవాళ్లు ఆగి మరీ తిడుతున్నారు. బుడమేరు, తమ్మిలేరు పొంగిన రోజుల్లో రోడ్డు మీద నీళ్లుంటాయి, అదొకటి. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి పొట్టకీ మధ్య ఎత్తు) 225 మిల్లీమీటర్లు అని కంపెనీ లెక్క, నా బండికి అంత ఉన్నట్టు నాకైతే కనపడట్లేదు.

ఒకటిన్నర, రెండంగుళాలు లేపిద్దామని ఉంది. ఒక షాపాయన స్పేసర్లు (ముందు స్ప్రింగు పైన పెట్టే బిళ్లలు) చాలన్నాడు, ఇంకొకాయన స్ప్రింగులు, షాకబ్జర్లతో పూర్తి కిట్టు వేయించుకోమని లక్ష పైన చెప్పాడు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇప్పటికే ఎక్కడానికి పీట వేస్తున్నాం, కాబట్టి మరీ మేడలా లేపలేను. రోజూ నడిపేవాళ్లు చెప్పండి, రీల్స్ చేసేవాళ్లు కాదు.

సందీప్_4x4

అన్నా ఎక్కువ ఆలోచించకు, ముందు స్పేసరు, వెనక బ్లాకు (ఎత్తుకి పెట్టే దిమ్మ). ఒక్క పూటలో అయిపోద్ది, పదివేలు కూడా అవ్వదు. నాది రెండేళ్లుగా తిరుగుతోంది, ఏం కాలేదు. లుక్కు మాత్రం మామూలుగా ఉండదు.

పాత_స్పానర్

గట్టు గారూ, లిఫ్ట్ సంగతి కాసేపు పక్కనపెట్టి ముందు టేపు తీసుకోండి. ఖాళీ బండిని సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు పక్కలా కొలవండి. నేల మీద నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి అన్నీ అందులో కలిసిపోయి అసలు సంగతి తెలియదు. తర్వాత తక్కువ తిరిగిన అదే మోడల్ బండి ఎవరిదగ్గరైనా ఉంటే దాన్నీ కొలవండి. లక్ష దాటి గట్ల మీద తిరిగిన బండి స్ప్రింగులు కంపెనీ ఎత్తులో ఉండవు, అందులోనూ డ్రైవర్ వైపు ఇంకాస్త ఎక్కువ దిగుతాయి. నా అనుమానం, మీరు డబ్బులిచ్చి కొనుక్కుందామనుకుంటున్న ఎత్తులో సగం మీ బండి పోగొట్టుకున్నదే.

రెండో సంగతి, గీసుకుంటున్నది ఏది? కింద దూరి చూడండి, మట్టి ఎక్కడ పాలిష్ పట్టిందో తెలిసిపోద్ది. సస్పెన్షన్ లిఫ్ట్ వేస్తే చాసిస్, గేర్‌బాక్స్, డీజిల్ ట్యాంకు, ఫుట్‌బోర్డులు పైకి లేస్తాయి. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, ఎందుకంటే అది కమాన్ల (వెనకుండే ఇనుప పట్టీల స్ప్రింగుల) కింద, టైర్ల మీద ఆధారపడి ఉంది. దాన్ని లేపేది టైరొక్కటే. మీ బండికి 255/60 ఆర్18 సైజు టైరు ఉంటే దాని ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు. 265/60 ఆర్18 వేస్తే 775. అందులో సగమే కింద కలిసొచ్చేది, అంటే 6 మిల్లీమీటర్లు, బొటనవేలంత కూడా కాదు. మీటరు వంద చూపిస్తే బండి ఇంకో కిలోమీటరున్నర ఎక్కువ పోతుంటుంది. అయినా నల్లరేగడి గట్టు మీద వానలో దిగబడేది ఎత్తు లేకనా, పట్టు లేకనా? నన్నడిగితే మీ గట్లకి మంచి ఆల్ టెరైన్ టైర్లు (రోడ్డు మీదా మట్టిలోనూ పట్టు ఉండేవి) లిఫ్ట్ కన్నా ముందు పని.

ఇక సందీప్ తమ్ముడు చెప్పిన స్పేసరు. ముందు షాకబ్జరు, స్ప్రింగు కలిసిన కాలు కింది ఆర్మ్‌కి (చక్రాన్ని పట్టుకునే చేతికి) సగంలో ఎక్కడో బిగించి ఉంటుంది, చక్రం దగ్గర కాదు. అందుకే పైన ఇంచు బిళ్ల వేస్తే చక్రం దగ్గర దాదాపు రెండింతలు లేస్తుంది. చూసేవాళ్లకి భలే ఉంటుంది. కానీ ఆ బిళ్ల మొత్తం కాలునే కిందికి నెట్టేస్తుంది కదా, గుంటలో చక్రం పూర్తిగా వేలాడినప్పుడు షాకబ్జరు ఆపాల్సిన చోట ఆపదు, ఆ భారం పై ఆర్మ్ బాల్‌జాయింట్ మీద, యాక్సిల్ జాయింట్ మీద పడుతుంది. యాక్సిల్ రబ్బరు బూటు (ఆ జాయింట్ తొడుగు) వంకర తిరిగి చిరిగితే మీ ఊరి ఉప్పుబురద లోపలికి పోవడానికి వారం చాలు. అన్నిటికన్నా ముఖ్యం, అరిగిపోయిన షాకబ్జరు అరిగిపోయినట్టే ఉంటుంది, కాకపోతే కొంచెం ఎత్తు మీద నుంచి ఎగిరెగిరి పడుతుంది.

కాబట్టి మీకు కావాల్సింది కొత్త స్ప్రింగులు, కొత్త షాకబ్జర్లు, కొత్త కమాన్లు, ఎత్తు 40 మిల్లీమీటర్లు మించకుండా. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్, డాబిన్సన్స్ ఇవన్నీ ఆస్ట్రేలియా కంపెనీలు, అక్కడ డీ-మ్యాక్స్‌ని (మన వీ-క్రాస్ దీని రకమే) మనలాగే ఇంటికీ పొలానికీ వాడతారు కాబట్టి సరిగ్గా ఈ అవసరానికే తయారుచేస్తారు. ఒక్క జాగ్రత్త, ఆన్‌లైన్‌లో 2020 తర్వాతి కొత్త డీ-మ్యాక్స్ భాగాలు కనపడగానే ఆర్డర్ పెట్టేయకండి. శ్రీసిటీలో తయారైన మీ బండి దానికి ముందు తరంది.

వెనక కమాన్లు ఎత్తు చూసి కాదు, బరువు చూసి ఎంచుకోవాలి. కిట్లలో ఖాళీగా తిరిగే బండికి ఒక రకం, ఎప్పుడూ మూడొందల కేజీలు మోసే బండికి ఇంకో రకం అని ఉంటాయి. మీది వారంలో రెండు రోజులు బరువు, మిగతా రోజులు ఖాళీ. షాపువాడు "బస్తాలేస్తారు కదా, హెవీ వేయించుకోండి" అంటాడు, వినకండి. నేను ఒకప్పుడు లారీ కమాన్ల దగ్గర తక్కువ ఖర్చుతో ఒక పట్టీ అదనంగా వేయించాను, బస్తాలేస్తే బంగారంలా నడిచేది, ఖాళీగా ఉంటే రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్లేసరికి మా ఆవిడ దిగి, వచ్చేటప్పుడు బస్సులో వస్తానంది. వచ్చింది కూడా.

ఇంకోటి, కమాను గట్టిది వేసినంత మాత్రాన ఆర్సీలో రాసిన బరువు పెరగదు. వీ-క్రాస్ సామాను బండి కాదు, మనుషుల బండికి వెనక తొట్టి ఉంది అంతే. మనుషుల్నీ బస్తాల్నీ కలిపి ఒకసారి లెక్కేసుకోండి.

డాలస్_బావ

పైన చెప్పిన స్పేసర్ కథ నాకు సొంత అనుభవం. నాది 2017 టొయోటా టకోమా పికప్, రోజూ ఆఫీసుకి వెళ్లేదే. మొదట్లో సరదాపడి స్పేసర్లు వేయించా. మూడు నెలలకి గతుకులో దిగినప్పుడల్లా ముందు నుంచి "టంగ్" అని చప్పుడు, హైవే మీద స్టీరింగ్ ఒక చోట నిలవదు, లేన్ మార్చినప్పుడల్లా సర్దుకుంటూ ఉండాలి. అలైన్‌మెంట్ చేసినవాడు క్యాస్టర్ (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే కోణం) అవసరమైనంత రావట్లేదని చేతులెత్తేశాడు.

తర్వాత అవి తీసేసి బిల్‌స్టీన్ 5100 షాకబ్జర్లు వేయించాను. వాటికి ముందు షాకబ్జరు ఒంటి మీద గాళ్లుంటాయి, స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని ఏ గాడిలో పెడితే అంత ఎత్తు. మా షాపువాడు అన్నిటికన్నా పై గాడిలో పెడదామన్నాడు, నేను ఒకటిన్నర అంగుళం దగ్గర ఆపించా. ఆ గాడి పైకి పోయేకొద్దీ చక్రం కిందికి దిగడానికి మిగిలే ప్రయాణం తగ్గిపోతుంది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఖంగుమంటుంది. ఒకటిన్నరకి అలైన్‌మెంట్ మామూలుగా కుదిరింది, చేతులు వదిలినా తిన్నగా పోతోంది. (వదలకండి, మాటవరసకన్నా.)

అమ్మగారి విషయం. ఇక్కడ మా అత్తగారు వచ్చినప్పుడు నేను నేర్చుకున్నది, ఫుట్‌బోర్డు ఎత్తు కన్నా లోపల పట్టుకునే హ్యాండిల్ ముఖ్యం. చాసిస్‌తో పాటు ఫుట్‌బోర్డు కూడా లేస్తుంది కాబట్టి కొంచెం కిందికి దిగి ఉండే రకం చూడండి, కానీ గట్టు దిబ్బకి ముందు తగిలేది అదే అవుతుంది. రెంటికీ చెడకుండా పీటే నయమేమో.

నల్లకోటు

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి ఐదువేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. అరిగిన భాగాల బదులు అదే ఎత్తువి వేయించుకోవడం వేరు, ఎత్తు పెంచడం వేరు. రోడ్డు మీద ఎవరూ టేపు పెట్టి కొలవరు నిజమే, పెద్ద యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయరు మాత్రం కొలుస్తాడు. చేయించేముందు ఆర్టీవోనీ, ఇన్సూరెన్స్ కంపెనీనీ అడిగి, ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో "ఏం పర్లేదు సార్" అన్నది పనికిరాదు.

కొల్లేరు_గట్టు

అందరికీ థాంక్స్ అండి. స్పానర్ గారన్నట్టే టేపు పెట్టాను. ఏలూరులో మా ఫ్రెండ్ దగ్గర అదే 2018 బండి ఉంది, ఇరవై ఒక్క వేలే తిరిగింది, షెడ్డులో దేవుడి రథంలా పెట్టుకుంటాడు. దానితో పోలిస్తే నాది ముందు ఎడమ వైపు 18 మిల్లీమీటర్లు, డ్రైవర్ వైపు 27 మిల్లీమీటర్లు తక్కువ. వెనక రెండు వైపులా దగ్గర దగ్గర 30 తక్కువ, ఒక కమాన్ కట్టలో కింది పట్టీ విరిగి ఉంది! ఎప్పుడు విరిగిందో తెలీదు.

కింద దూరి చూస్తే పాలిష్ పట్టింది గుండు కాదండి, గేర్‌బాక్స్ కింద అడ్డపట్టీ, కుడివైపు ఫుట్‌బోర్డు బ్రాకెట్. అంటే లిఫ్ట్ పనికొస్తుందా? నల్లకోటు గారి మాట చదివాక మాత్రం కంపెనీ ఎత్తుకే తెచ్చుకుంటే చాలేమో అనిపిస్తోంది.

పాత_స్పానర్

చూశారా, మీ బండికి లిఫ్ట్ కాదు, వైద్యం కావాలి. కంపెనీ ఎత్తు తిరిగొస్తేనే అడ్డపట్టీ దాదాపు రెండున్నర సెంటీమీటర్లు పైకి పోతుంది. వెనక కొత్త కట్టలు (లైట్ రకం), నాలుగు షాకబ్జర్లు, ముందు కంపెనీ ఎత్తు స్ప్రింగులు, అప్పటికీ గీసుకుంటే ఆలోచిద్దురుగాని. ఆ ఫుట్‌బోర్డు బ్రాకెట్ పైకి మడిచి వెల్డింగ్ చేయిస్తే పెద్ద ఖర్చు లేకుండా ఇంకో ఇంచు దొరుకుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండండి. పాత యూ బోల్టులు (కమాన్లని యాక్సిల్‌కి బిగించేవి) మళ్లీ వాడనివ్వొద్దు, అవి ఒకసారి బిగిస్తే సాగిపోతాయి, కొత్తవే వేయించండి. బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తారు చాలామంది, అలా చేస్తే బండి దిగగానే రబ్బరు మెలితిరిగి ఏడాదిలో చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాక చివరి బిగింపు. ఐదొందల కిలోమీటర్లకి మళ్లీ ఒకసారి అన్నీ బిగించాలి, ఇది ఎవరూ గుర్తుచేయరు. వెనక యాక్సిల్ నుంచి చాసిస్ మీదున్న బ్రేకు వాల్వుకి సన్నటి కడ్డీ ఏమైనా ఉందేమో చూడండి, ఉంటే వెనక ఎత్తు మారినప్పుడు దాన్ని సర్దాలి, లేకపోతే తొట్టి ఖాళీగా ఉందనుకుని బస్తాలున్నా వెనక బ్రేకు తగ్గిస్తుంది. తర్వాత అలైన్‌మెంట్, లైట్లు సర్దడం. కొత్త కట్టల తర్వాత బండి కదిలేటప్పుడు కింద నుంచి వణుకు వస్తే కంగారుపడొద్దు, పొడుగు షాఫ్ట్ మధ్యలో ఉండే బేరింగ్ కోణం మారి ఉంటుంది, వాషర్లు పెట్టి సర్దుతారు.

నీళ్లలో దిగే సంగతి కూడా చెప్పేస్తా. ఎంత లేపినా ఇంజను గాలి పీల్చుకునే చోటు మహా అయితే ఆ నాలుగు సెంటీమీటర్లే లేస్తుంది. రోడ్డు అంచు కనపడకపోతే ఆగిపోండి, రొయ్యలు ఓ పూట ఆలస్యంగా తిన్నా చావవు.

సందీప్_4x4

అన్నా, నా బండి కింద కూడా చూసుకున్నా ఇప్పుడే. ఎడమ వైపు యాక్సిల్ బూటు దగ్గర గ్రీజు చిమ్మి ఉంది. అది మామూలేనా?

పాత_స్పానర్

మామూలు కాదు తమ్ముడూ. బూటు చిరిగింది. రేపే చూపించు, ఆ బిళ్లలు కూడా తీయించేయ్.

కొల్లేరు_గట్టు

కట్టలు, షాకబ్జర్లు, స్ప్రింగులు ఆర్డర్ పెట్టేశానండి, వచ్చే బుధవారం తాడేపల్లిగూడెంలో బిగిస్తారు. టైర్లు సంక్రాంతి రొయ్యల పట్టుబడి అయ్యాక. యూ బోల్టులు కొత్తవి కావాలని అడిగితే మెకానిక్ నా మొహం వంక చూసి "ఎవరు చెప్పారండి మీకు" అన్నాడు. అయ్యాక కొలతలు పెడతాను.